ఆ పిల్లలు ఏ వరుసలో నిలబడాలి?

ప్రభుత్వ హైస్కూల్లో ప్రేయర్ గంట కొట్టగానే పిల్లలు, మగపిల్లలొకటి, ఆడపిల్లలొకటిగా, రెండు వరుసలవుతారు. ఎటు వెళ్లాలో తేలక వెనకబడిన పిల్లను పీఈటీ సారు ఒక్క కేకతో ఏదో ఒక వరుసలోకి తోలేస్తారు. ఇంటర్వెల్లో బాత్రూం దగ్గర మళ్లీ అదే చిక్కు. దాహం వేసినా సాయంత్రం దాకా నీళ్లు ముట్టకపోవడమే దీనికి ఆ పిల్ల కనిపెట్టుకునే ఉపాయం. ట్రాన్స్‌జెండర్ పిల్లల రక్షణకు బడుల్లో నిబంధనలు ఎందుకని అడిగేవాళ్లు ముందు ఆ పిల్ల ముట్టని మంచినీళ్ల సీసా సంగతి ఆలోచించాలి.

చట్టం ఈ విషయాన్ని చాలాకాలం తలకిందులుగా చూసింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టంతో బ్రిటిష్ వాళ్లు హిజ్రాల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కించారు. ఆ బాటలోనే నిజాం రాజ్యం 1329 ఫసలీలో, అంటే 1919లో, సొంత చట్టం చేసుకుంది. ఆడబట్టలతో వీధిలో కనిపిస్తే వారంటు లేకుండానే అరెస్టు. పదహారేళ్లలోపు మగపిల్లవాడు వాళ్లింట్లో ఉంటే జైలు. వాళ్ల బారి నుంచి పిల్లల్ని కాపాడుతున్నామనుకున్నవాళ్లకు, ఆ పిల్లల్లోనే ట్రాన్స్‌జెండర్లు ఉంటారన్న ఊహే తట్టలేదు. తెలంగాణ హైకోర్టు 2023 జులైలో కొట్టేసేదాకా ఆ చట్టం పుస్తకాల్లోనే ఉంది!

2011 జనగణనలో తొలిసారి స్త్రీ, పురుషులు కాక ‘ఇతరులు’ అన్న గడి పెట్టారు. 4.88 లక్షల మంది తేలారు. అక్షరాస్యత 56 శాతం. దేశ సగటు 73. ఆ 4.88 లక్షల మందిలో ఆరేళ్లలోపు పిల్లలే దాదాపు 55 వేలు. వాళ్ల వివరాలు చెప్పింది ఇంట్లో పెద్దవాళ్లే మరి.

2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) వేసిన కేసులో సుప్రీంకోర్టు ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చంది, చదువుల్లో రిజర్వేషన్ ఇమ్మంది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ల హక్కుల పరిరక్షణ చట్టం 13వ సెక్షన్, ప్రభుత్వ నిధులో గుర్తింపో ఉన్న బడులు వివక్ష చూపకుండా చదువు చెప్పాలంది. ఎలాగో మాత్రం చెప్పలేదు. ఆ లోటు కొంత పూడ్చింది మద్రాస్ హైకోర్టు. 2021 జూన్‌లో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్, ఆడా మగా తేడా లేకుండా ఎవరైనా వాడుకునే టాయిలెట్లు, దరఖాస్తుల్లో మూడో గడి, రికార్డుల్లో పేరు మార్చుకునే వీలు, కౌన్సెలర్లు అంటూ విడమరిచి చెప్పారు.

అదే ఏడాది, బడి పాఠ్యపుస్తకాలు తయారుచేసే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ టీచర్లకోసం ఓ కరదీపిక విడుదల చేసింది. బాలురు, బాలికలని విడదీసే అలవాట్లు మానండని, యూనిఫాం విషయంలో పట్టు సడలించండని అందులో ఉంది. పెద్ద గొడవ! జాతీయ బాలల హక్కుల కమిషన్ అభ్యంతరం చెప్పింది. నవంబరులో కరదీపిక వెబ్‌సైట్ నుంచి మాయమైంది. పిల్లలు పాడైపోతారన్నదే అప్పుడూ గట్టిగా వినిపించిన వాదన. 1919 నాటి భయమే, నా లెక్కలో. 2023లో మరో కరదీపిక ముసాయిదా వచ్చింది గానీ, వెనక్కి తీసుకున్న పుస్తకమే టీచర్లకు బాగా గుర్తుండిపోయింది.

ఇక కాగితాల సంగతి. మన దగ్గర పదో తరగతి మెమోలో ఎలా ఉంటే ఇంటర్ అడ్మిషన్ నుంచి ఉద్యోగం దాకా అలాగే నడుస్తుంది. జెండర్ మార్చుకోవాలంటే కలెక్టర్ ఇచ్చే గుర్తింపు పత్రం కావాలి. పద్దెనిమిది నిండనివాళ్ల తరఫున దానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చెయ్యాలని 2019 చట్టం షరతు. ఇంట్లో తెలిస్తే వీపు చిట్లుతుందని భయపడే పిల్ల, ఆ కాగితం పట్టుకుని వెళ్లాల్సింది నాన్న దగ్గరికే.