మూడు నియమాల దగ్గర మొదలైన పేచీ

ఒంగోలు చుట్టుపక్కల కొన్ని క్రైస్తవ సంఘాల్లో బాప్తిస్మానికి పేరిచ్చిన ఆడమనిషిని మొదట అడిగేది బొట్టు గురించి, తర్వాత కమ్మల గురించి. పక్కింటివాళ్ళు పెట్టిన ప్రసాదం తిన్నావా అన్నది ఇంకో ప్రశ్న. నమ్మకం గురించిన ప్రశ్న చివర్లో వస్తుంది.

దీని మూలం 150 ఏళ్ళ వెనక ఉంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరు చేరింది. పాతికేళ్ళలో చేరినవాళ్ళు కొద్దిమందే, మూసేద్దామన్న మాటా వచ్చింది. 1866లో ఆ మిషన్ పాదిరి జాన్ క్లౌ ఒంగోలులో కాపురం పెట్టాడు (ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోదే). తోళ్ళ వ్యాపారం చేసే యర్రగుంట్ల పేరయ్య లాంటివాళ్ళు ఊరూరా తిరిగి చెప్పడంతో మాదిగపల్లెలు కదిలాయి. క్లౌ దొర వాళ్ళకు పెట్టిన నియమాలు మూడే: ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు.

ఇప్పుడు చదివితే ఆంక్షల్లా ఉంటాయి గానీ, అప్పుడు వాటి అర్థం వేరు. కరణమో రైతో ఎప్పుడు కబురు పెడితే అప్పుడు వెట్టికి పోవాల్సినవాడు ఏడు రోజుల్లో ఒక రోజు నాది అన్నాడు. చచ్చిన గొడ్డును ముట్టనన్నాడు. జాతరలో డప్పు కొట్టనన్నాడు. ఊరి పెద్దలకు మండింది అందుకే. దెబ్బలు పడ్డాయి, దొంగ కేసులు పెట్టారు. నా లెక్కలో ఆ నియమాలు ఒక కాడిని దించడానికి పనికొచ్చాయి.

1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు క్లౌ కాంట్రాక్టుకు తీసుకుని పల్లెలకు కూలి ఇప్పించాడు. బియ్యం కోసం వచ్చారన్న మాట రాకూడదని అన్నాళ్ళూ బాప్తిస్మాలు ఆపేశాడు. ఆపింది తీశాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి బాప్తిస్మం తీసుకున్నారు.

మొదటి శతాబ్దంలోనూ ఇదే పేచీ. సంఘంలో చేరే యూదులు కానివాళ్ళు సున్నతి చేయించుకోవాలా అని యెరూషలేములో తొలి సంఘం పెద్దలు కూర్చున్నారు. అక్కర్లేదన్నారు. నాలుగింటికి మాత్రం దూరంగా ఉండమన్నారు. వాటిలో విగ్రహాలకు అర్పించినవి, రక్తం, గొంతు పిసికి చంపినవి ఉన్నాయి. క్లౌ మూడింటిలో రెండు దాదాపు అవే. గలతీయులకు రాసిన పత్రికలో అపొస్తలుడు పౌలు, మళ్ళీ సున్నతి లాంటి నియమాల కాడి కింద మెడ పెట్టకండి అని గట్టిగానే కోప్పడ్డాడు.

వెట్టి పోయింది, నియమం మిగిలింది. ఇరవయ్యో శతాబ్దంలో పెంతెకొస్తు బోధ వచ్చాక నగలూ పూలూ ఆ జాబితాలోకి ఎక్కాయి.

ప్రసాదం సంగతి పౌలు కాలంలో కొరింథు సంఘంలోనూ వచ్చింది. తినకపోతే మనకు తక్కువ లేదు, తింటే ఎక్కువా లేదు అని పౌలు తేల్చాడు. కాకపోతే నమ్మకంలో బలహీనుడైన తమ్ముడికి అది అడ్డమైతే తానే మానేస్తానన్నాడు. మన దగ్గర ప్రసంగాల్లో ఎక్కువ వినపడేది ఈ రెండో మాటే.