మేజర్ ప్రాజెక్టు ఎవరి కోసం?

బీటెక్‌లో నా మేజర్ ప్రాజెక్టు టైటిల్ ఇప్పటికీ గుర్తుంది. అది ఎలా పనిచేసేదో మాత్రం అప్పుడూ తెలియదు. ఫైనలియర్‌లో మా బ్యాచ్ నలుగురం, రెడీమేడ్ ప్రాజెక్టులు అమ్మే హైదరాబాద్ అమీర్‌పేట వెళ్లాం. మెట్ల పక్కన గోడకు అంటించిన లిస్టులోంచి ఒక టైటిల్ ఎంచుకుని, డబ్బులు తలా కొంత వేసుకున్నాం. సీడీ, డాక్యుమెంటేషన్ చేతికొచ్చాయి. వైవాలో అడిగే ప్రశ్నలూ జవాబులూ విడిగా రెండు కాగితాల మీద ఇచ్చారు. నల్ల రెక్సిన్ బైండింగ్ మీద బంగారు అక్షరాల్లో మా పేర్లు చూసుకుని తెగ మురిసిపోయాం. ఎక్స్‌టర్నల్‌గా, అంటే బయటి నుంచి పరీక్షించడానికి వచ్చినాయన నాలుగు పేజీలు తిప్పి సంతకం పెట్టేశారు.

ఇంజినీరింగ్ పిల్లలకు ఆసక్తి లేదని ఎవరైనా అంటే నాకు ఆ సంతకమే గుర్తొస్తుంది. మేం చేయాల్సిన ప్రోగ్రామ్ కోసం ఎదురుచూస్తున్న మనిషి లోకంలో ఒక్కరూ లేరు. ఇక కష్టపడేది ఎవరి కోసం?

మన దేశంలో ఈ చదువు మొదలైన తీరు వేరు. 1837-38 కరవు తర్వాత గంగా కాలువ తవ్వాలనుకున్నారు. పని తెలిసిన మనుషులు కావాల్సివచ్చి 1847లో రూర్కీలో కాలేజీ పెట్టారు. సోలానీ నది మీదుగా కాలువను దాటించే అక్విడక్టు ఆ ఊళ్లోనే లేచింది. 1854లో నీళ్లు వదిలారు. ఈ లెక్క ఎందుకు నేర్చుకోవాలని అక్కడ ఎవరూ అడిగి ఉండరు.

వందేళ్ల తర్వాత గాలి మారింది. 1955లో అమెరికాలో గ్రింటర్ కమిటీ, ఇంజినీరింగ్‌లో గణితం, సైన్స్ పాలు పెంచాలని చెప్పింది. రెండేళ్లకే రష్యా స్పుత్నిక్‌ను పైకి పంపడంతో ఆ మాటకు తిరుగులేకుండా పోయింది. కాన్పూర్ ఐఐటీకి 1962 నుంచి పదేళ్లపాటు 9 అమెరికన్ విద్యాసంస్థలు అండగా నిలిచాయి. ఆ ధోరణి మనకూ వచ్చింది. అందులో తప్పుపట్టడానికేం లేదు, లెక్కలు రాని ఇంజినీరు కట్టిన వంతెన నేనైతే ఎక్కను. కానీ మన కాలేజీల్లో ముందు మూడేళ్లు థియరీ, ప్రాజెక్టు చివర్లో అన్న వరుస స్థిరపడిపోయింది.

ఆ వరుసను తిరగేసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలోని వూస్టర్ పాలిటెక్నిక్ 1970లో ప్రాజెక్టుల చుట్టూ కోర్సు అల్లుకుంది. 1974లో మొదలైన డెన్మార్క్‌లోని ఆల్బోర్గ్ యూనివర్సిటీలో సెమిస్టర్‌లో దాదాపు సగం గ్రూపు ప్రాజెక్టుకే పోతుంది.

నాకు మాత్రం అమెరికాలోని పర్డ్యూ యూనివర్సిటీ పద్ధతి నచ్చుతుంది. 1995లో లియా జేమిసన్, ఎడ్వర్డ్ కోయిల్ అక్కడ ఈపిక్స్ అనే కోర్సు మొదలుపెట్టారు. స్థానిక సేవాసంస్థ తన అవసరం చెబుతుంది. ఫస్టియర్ నుంచి ఫైనలియర్ దాకా అన్ని ఏళ్ల పిల్లలూ ఒకే టీమ్‌లో కూర్చుని దాని మీద పనిచేస్తారు. సెమిస్టర్ అయిపోయినా పని ఆగదు, సీనియర్లు వెళ్తూ జూనియర్లకు అప్పజెప్పి వెళ్తారు. తొలి రోజుల్లో వాళ్లు చేసిన వాటిలో వైకల్యం ఉన్న పిల్లల క్లినిక్ కోసం తయారుచేసిన ఆటబొమ్మలున్నాయి. అలాంటి బొమ్మ స్విచ్ పిల్లాడి చేతికి అందకపోతే ఏ ఎక్స్‌టర్నల్ సంతకమూ దాన్ని గట్టెక్కించలేదు.

మన దగ్గర 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. ఉమ్మడి రాష్ట్రంలో కాలేజీలు 700 దాటాయి. 60 మంది సెక్షన్ అంటే నలుగురి చొప్పున 15 బ్యాచ్‌లు. గైడ్ మాత్రం, పాపం, క్లాసులు చెబుతూ, పేపర్లు దిద్దుతూ ఉండే అదే సారు. ఆ ఖాళీలోకే అమీర్‌పేట వచ్చింది. వాళ్లనని ఏం లాభం?

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంకో సంగతీ జరిగింది. బెంగళూరు, హైదరాబాద్‌లలోని 7 కాలేజీల విద్యార్థులు కలిసి స్టడ్‌శాట్ అనే ఉపగ్రహం తయారుచేశారు. బరువు కిలో కూడా లేదు. 2010 జులై 12న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ దాన్ని తీసుకెళ్లింది. వాళ్లూ మాలాంటి బీటెక్ పిల్లలే. కాకపోతే అక్కడ రాకెట్ ఎదురుచూస్తోంది.

ఒక దేశపు ఇంజినీరింగ్ డిగ్రీని మరో దేశం గుర్తించేందుకు కుదిరిన వాషింగ్టన్ ఒప్పందంలో 2014లో భారత్ పూర్తి సభ్యదేశమైంది. విద్యార్థి ఏం చేయగలుగుతున్నాడో చూపించాలన్న నియమానికి బరువు పెరిగింది. మంచి ఉద్దేశమే, కానీ చాలాచోట్ల అది పీఓలు, సీఓలు (కోర్సు మొత్తంలో, ఒక్కో సబ్జెక్టులో విద్యార్థికి ఏం రావాలో చెప్పే అంశాలు) నింపే పట్టికల దగ్గర ఆగింది. కాలేజీ ప్రమాణాలు చూసి గుర్తింపునిచ్చే అక్రెడిటేషన్ టీమ్ వస్తోందంటే చాలు, స్టాఫ్‌రూమ్‌లో టెన్షన్.

2017లో విద్యార్థి టీమ్‌లు పోటీపడి సమస్యలకు పరిష్కారాలు తయారుచేసే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ మొదలయ్యాక సమస్యలు నేరుగా మంత్రిత్వ శాఖల నుంచి రావడం మొదలైంది. సాఫ్ట్‌వేర్ విభాగం ఫైనల్లో 36 గంటలు ఏకబిగిన కూర్చుంటారు. ఆ ఊపు చూస్తే ఆసక్తి లేని తరం అనే మాట నోట రాదు. చిక్కంతా 37వ గంట నుంచి. ప్రైజు వచ్చిన టీమ్ ఫైనలియర్‌దైతే మే నెలకల్లా ఊళ్లకో ఉద్యోగాలకో వెళ్లిపోతుంది. కోడ్ ఎవరి ల్యాప్‌టాప్‌లోనో ఉండిపోతుంది. జూనియర్లు మళ్లీ టైటిల్ వెతుక్కుంటారు.