మాయ తెచ్చే షుగర్, పళ్లెంలో సర్దుబాటు

"నేనేం తిన్నానని ఇలా అయింది?"

ఆరో నెలలో షుగర్ పరీక్ష చేయించుకుని, రిపోర్టులో అంకెలు గీత దాటాయని తెలిసిన తల్లి మొదట అడిగే ప్రశ్న ఇదే. పైకి డాక్టర్‌ని అడిగినట్టున్నా, లోపల తనని తానే నిలదీసుకుంటూ ఉంటుంది. పోయిన వారం తిన్న స్వీటు, రెండోసారి వడ్డించుకున్న అన్నం, నడక మానేసిన రోజులు అన్నీ వరసగా గుర్తొస్తాయి. ఇంట్లోవాళ్లూ అవే లెక్కలు తీస్తారు. కాబట్టి ఏం తినాలో చెప్పే ముందు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఆ షుగర్‌ని తెచ్చింది పోయిన వారం తిన్న స్వీటు కాదు. కడుపులో బిడ్డను పోషిస్తున్న మాయ (ప్లాసెంటా).

మాయ అంటే బిడ్డకి తిండి అందించే గొట్టం మాత్రమే అనుకుంటాం. నిజానికి అదొక హార్మోన్ల కర్మాగారం. నెలలు గడిచేకొద్దీ అది పెరుగుతూ, తల్లి రక్తంలోకి రకరకాల హార్మోన్లు వదులుతుంది. వాటి ప్రభావంతో తల్లి కండరాలు, రక్తంలోని చక్కెరని లోపలికి తీసుకోమని చెప్పే ఇన్సులిన్ మాట సరిగ్గా వినవు. ఇది జబ్బేమీ కాదు, ప్రకృతి చేసిన ఏర్పాటు. తల్లి తిన్న గ్లూకోజ్‌ని ఆమె కండరాలే వెంటనే లాగేసుకుంటే బిడ్డకి మిగలదు కదా. అందుకని ఆ చక్కెర రక్తంలో కాస్త ఎక్కువసేపు తిరిగేలా చూస్తుంది మాయ. నెలలు నిండే సమయానికి తల్లి ఒంట్లో ఇన్సులిన్ పనితనం దాదాపు సగానికి పడిపోతుంది. మామూలుగా ఇన్సులిన్‌ని తయారుచేసే క్లోమం (పాంక్రియాస్) దీన్ని గ్రహించి, ముందుకంటే రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేసి సరిపెడుతుంది. కొందరి క్లోమం అంత భారం మోయలేదు. అప్పుడు రక్తంలో చక్కెర పెరుగుతుంది. బరువు ఎక్కువ ఉండటం, వయసు పైబడటం, ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుండటం ఈ అవకాశాన్ని పెంచుతాయి. ఇవేవీ లేనివాళ్లకీ వస్తుంది. ప్రపంచం మొత్తం మీద ప్రతి ఆరు కాన్పుల్లో సుమారు ఒకదాంట్లో తల్లికి రక్తంలో చక్కెర ఎక్కువగా ఉంటోందని అంచనా.

ఈ సంగతి కొత్తదేమీ కాదు. 1824లో బెర్లిన్‌లో హైన్రిష్ బెన్నెవిట్జ్ అనే యువ వైద్యుడు తన పరిశోధన వ్యాసంలో ఒక గర్భిణి గురించి రాశాడు. ఆమెకి ఎంత నీళ్లు తాగినా దాహం తీరేది కాదు, మూత్రంలో చక్కెర కనిపించింది. పుట్టిన బిడ్డ బరువు 12 పౌండ్లు, అంటే ఐదు కిలోలు దాటింది. ఆ బిడ్డ కాన్పులోనే చనిపోయింది. కాన్పు తర్వాత తల్లి దాహం తగ్గింది, మూత్రంలో చక్కెర మాయమైంది. అందుకే బెన్నెవిట్జ్ మధుమేహాన్ని గర్భానికి ఒక లక్షణంగా లెక్కగట్టాడు. ఇన్సులిన్ అంటే ఏమిటో తెలియడానికి దాదాపు వందేళ్ల ముందు, కేవలం చూసి, ఆలోచించి రాసిన మాట అది.

బిడ్డ అంత లావు ఎందుకైందో డెన్మార్క్ వైద్యుడు యోర్గెన్ పెడర్సన్ 1950ల్లో విడమరిచి చెప్పాడు. గ్లూకోజ్ మాయ దాటి బిడ్డలోకి సులువుగా వెళ్తుంది, తల్లి ఇన్సులిన్ దాటలేదు. తల్లి రక్తంలో చక్కెర పెరిగితే బిడ్డ రక్తంలోనూ పెరుగుతుంది. దాన్ని తట్టుకోవడానికి బిడ్డ క్లోమమే అదనంగా ఇన్సులిన్ తయారుచేస్తుంది. కడుపులో ఉన్న బిడ్డకి ఇన్సులిన్ అంటే పెరుగుదలకి ఊతం. బిడ్డ భుజాల దగ్గర, పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, కాన్పు కష్టమవుతుంది. పుట్టాక ఇంకో చిక్కు ఉంది. బొడ్డుతాడు కత్తిరించగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఒంట్లో ఇన్సులిన్ మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఈ పిల్లలకి పుట్టిన మొదటి గంటల్లో చక్కెర బాగా పడిపోయే ప్రమాదం ఉంది. మడమ దగ్గర చిన్న సూదితో గుచ్చి పదే పదే పరీక్ష చేసేది ఇందుకే.

సాధారణంగా 24 నుంచి 28 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగించి పరీక్ష చేస్తారు. చాలా దేశాల్లో వాడుతున్న కొలత ప్రకారం, డెసిలీటరు రక్తంలో పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153 మిల్లీగ్రాములు, వీటిలో ఏ ఒక్కటి అందుకున్నా గర్భధారణ మధుమేహం అంటారు. ఈ గీతలు 2008లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం నుంచి వచ్చాయి. తొమ్మిది దేశాల్లో పాతిక వేలమంది గర్భిణులను పరిశీలించిన ఆ అధ్యయనంలో తేలిందేమిటంటే, తల్లి చక్కెర ఒక్కో మెట్టు పెరిగేకొద్దీ ఇబ్బందులూ ఒక్కో మెట్టు పెరుగుతాయి, ఎక్కడో ఒకచోట ఒక్కసారిగా మొదలవ్వవు. దీన్ని నేను ధైర్యమిచ్చే మాటగానే తీసుకుంటాను. ఎంత తగ్గించగలిగితే అంత మేలు జరుగుతుందని కూడా దానర్థం.

ఇక తిండి. ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు, భయపడి కడుపు మాడ్చుకోవడం. నిన్నటిదాకా "ఇద్దరికీ సరిపడా తిను" అని బలవంతంగా వడ్డించిన వాళ్లే, రిపోర్టు చూశాక "అన్నం మానెయ్" అంటారు. రెండూ తప్పే. గర్భిణికి రోజుకి కనీసం 175 గ్రాముల పిండిపదార్థాలు కావాలి. ఇది అన్నం, రొట్టెల బరువు కాదు, వాటిలో ఉండే పిండిపదార్థాల బరువు. తల్లి మెదడుకీ, బిడ్డ మెదడుకీ ఇంధనం అదే. మామూలు మనిషి కంటే గర్భిణి ఒళ్లు చాలా త్వరగా ఉపవాస స్థితిలోకి జారుకుంటుంది. తిండి అందకపోతే కొవ్వు కరగడం మొదలై కీటోన్లు పుడతాయి, అవి మాయ దాటి బిడ్డకీ చేరతాయి. ఇంట్లో షుగర్ చూసుకునే మీటర్‌లో అంకె బాగుంది కదా అని భోజనం మానేసే తల్లికి ఈ మాట ఎవరైనా పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాలి. బరువు తగ్గడానికి ఇది సమయం కాదు.

చేయాల్సిందల్లా ఆ పిండిపదార్థాలను రోజంతా పంచుకోవడం. మూడు చిన్న భోజనాలు, మధ్యలో రెండు మూడుసార్లు కొద్దిగా చిరుతిండి. ఒక బ్రెడ్ ముక్కలో సుమారు 15 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఒక గ్లాసు పాలలో దాదాపు 12, మధ్యరకం అరటిపండులో పాతిక పైనే. ఈ మూడు లెక్కలు తెలిస్తే మిగతావి అవే అలవాటవుతాయి. పొద్దున్న పూట 30, మధ్యాహ్నం 45, రాత్రి 45, మిగిలింది చిరుతిళ్లకి అని చాలామందికి సర్దుతారు. మనిషిని బట్టి ఇది మారుతుంది, డైటీషియన్ కూర్చుని లెక్క వేయాలి.

పొద్దున్న పూట ఎందుకంత తక్కువ? తెల్లవారుజామున ఒంట్లో కార్టిసాల్ లాంటి హార్మోన్లు పెరుగుతాయి, అప్పుడు ఒళ్లు ఇన్సులిన్ మాట ఇంకా తక్కువ వింటుంది. మధ్యాహ్నం ఏ ఇబ్బందీ పెట్టని తిండే పొద్దున్న తింటే చక్కెర ఎగబాకుతుంది.

దగ్గరగా చూద్దాం. ఒక తల్లి పొద్దున్న రెండు బ్రెడ్ ముక్కలు జామ్ రాసుకుని తిని, గ్లాసుడు పండ్ల రసం తాగిందనుకుందాం. గంట తర్వాత మీటర్‌లో 165. తిన్న గంటకి 140 లోపు, రెండు గంటలకి 120 లోపు, పరగడుపున 95 లోపు ఉండాలన్నది సాధారణంగా పెట్టుకునే లక్ష్యం. మర్నాడు రసం తీసేసి, ముడిధాన్యపు బ్రెడ్‌ని ఒక ముక్కకి తగ్గించి, దాంతో ఉడికించిన గుడ్డు, కాసిని కూరగాయ ముక్కలు తింటుంది. మానేసిన పండుని పది గంటలకి, రసంగా కాకుండా పండుగానే, నాలుగు బాదంగింజలతో కలిపి తింటుంది. ఆ పొద్దున్న మీటర్ 130 దగ్గర ఆగిందంటే ఆశ్చర్యమేమీ లేదు. ఆకలిగా ఏమీ లేదు, పండూ పోలేదు. పీచు, మాంసకృత్తులు, కాస్త కొవ్వు తోడుంటే కడుపులోంచి తిండి నెమ్మదిగా కిందికి దిగుతుంది, చక్కెర కూడా చినుకు చినుకుగా రక్తంలో చేరుతుంది. రసం తాగితే గండి పడ్డట్టు వస్తుంది. అందుకే భోజనంలో కూరగాయలు, పప్పు, గుడ్డు లాంటివి ముందు తిని, అన్నమో రొట్టెనో చివర్లో తినడం కూడా కొంత పనిచేస్తుంది. అంత తేలికైన మార్పు ఇంకోటి లేదు.

తిన్నాక నడక గురించి ఎంత చెప్పినా తక్కువే. పది పదిహేను నిమిషాలు చాలు. కదులుతున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడదు, గ్లూకోజ్‌ని తనంతట తానే లోపలికి తీసుకుంటుంది. మాయ హార్మోన్లు మూసిన తలుపు పక్కనే ఇంకో తలుపు ఉందన్నమాట. వారానికి మొత్తం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం గర్భిణులకి మంచిదని వైద్య సంఘాలు చెబుతున్నాయి. రక్తస్రావం, నెలలు నిండకముందే నొప్పులు వచ్చే ప్రమాదం, మాయ కిందికి ఉండటం లాంటివి ఉంటే మాత్రం డాక్టర్‌ని అడగకుండా మొదలుపెట్టకూడదు.

వేలిని గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడిగి తుడుచుకోవడం చిన్న విషయంలా కనిపిస్తుంది. నారింజ తొక్క తీసిన చేత్తో పరీక్ష చేస్తే, వేలికి అంటిన రసంలోని చక్కెర కూడా స్ట్రిప్‌లోకి చేరి అంకె ఎక్కడికో పోతుంది. స్పిరిట్ దూదితో తుడిచినా ఆ చక్కెర పూర్తిగా పోదు, నీళ్లతో కడగాల్సిందే. ఇది తెలియక టెన్షన్ పడినవాళ్లున్నారు. గుచ్చడం కూడా వేలి మధ్యలో కాకుండా పక్కకి గుచ్చితే నొప్పి తక్కువ. అంకెతో పాటు ఆ పూట ఏం తిన్నారో, నడిచారో లేదో, రాత్రి నిద్ర పట్టిందో లేదో పుస్తకంలో రాసుకుంటే వారం తిరిగేసరికి మీ ఒంటి తీరు మీకే తెలుస్తుంది.

తిండి, నడకలతోనే 70 నుంచి 85 శాతం మందిలో షుగర్ అదుపులోకి వస్తుందని వైద్యులు చెబుతారు. మిగతావాళ్లకి ఇన్సులిన్ కావాలి. ముఖ్యంగా పరగడుపు అంకె ఎక్కువ ఉన్నవాళ్లకి తిండితో తగ్గించడం కష్టం, ఎందుకంటే రాత్రంతా ఆ చక్కెరని వదిలేది సొంత కాలేయమే. పడుకునే ముందు మాంసకృత్తులున్న చిరుతిండి కొందరికి సాయపడుతుంది, అందరికీ కాదు. ఇన్సులిన్ రాసిచ్చిన రోజున "నేను సరిగ్గా పాటించలేదు" అని ఏడ్చే తల్లులకి నేను గట్టిగా చెప్పాలనుకునేది ఒక్కటే. మీ క్లోమం చేయలేకపోతున్న పనిని సూది చేస్తోంది, అంతే. ఆ ఇన్సులిన్ మాయ దాటి బిడ్డని చేరదు. ప్రధానంగా ఆస్ట్రేలియాలో వెయ్యి మంది తల్లులతో జరిగిన ఒక అధ్యయనం 2005లో వెలువడింది. తిండి సలహా, మీటర్, అవసరమైతే ఇన్సులిన్ ఇచ్చి చూసుకున్న వాళ్లలో బిడ్డకి తీవ్రమైన ఇబ్బందులు 4 శాతం నుంచి 1 శాతానికి పడిపోయాయి.

కాన్పులో బిడ్డ వెనకే మాయ కూడా బయటికి వచ్చేస్తుంది. నెలల తరబడి మొండికేసిన కండరాలు దాదాపు వెంటనే ఇన్సులిన్ మాట వినడం మొదలుపెడతాయి. చాలామందిలో ఒకటి రెండు రోజుల్లోనే అంకెలు మామూలైపోతాయి. సరిగ్గా ఇక్కడే కథ అయిపోయిందనుకుంటారు. కానీ ఇలా షుగర్ వచ్చిన తల్లికి తర్వాతి కాలంలో టైప్ 2 మధుమేహం వచ్చే అవకాశం, రానివాళ్లతో పోలిస్తే ఏడు రెట్లు, ఆ పైన. క్లోమం ఎంత బరువు మోయగలదో ఆ గర్భమే ముందుగా చూపించింది. చనుబాలివ్వడం ఆ ముప్పుని కొంత తగ్గిస్తుంది, బరువు అదుపు, నడక ఇంకా తగ్గిస్తాయి. కాన్పయిన 4 నుంచి 12 వారాల లోపు మళ్లీ ఆ 75 గ్రాముల పరీక్ష చేయించుకోవాలి, ఆ తర్వాత ఏడాదికో, మూడేళ్లకో ఒకసారి. నిద్రలేని రాత్రుల్లో, బిడ్డ పాల వేళల మధ్య ఎక్కువమంది మర్చిపోయే పరీక్ష ఇదే. బిడ్డ టీకాల కార్డు మీదే ఆ తేదీ కూడా రాసి పెట్టుకోండి. ఆ రోజు బిడ్డని ఒక పూట చూసుకునే బాధ్యత ఇంట్లో ఇంకెవరైనా తీసుకోవాలి, ఎందుకంటే గ్లూకోజ్ నీళ్లు తాగాక తల్లి రెండు గంటలపాటు అక్కడే కూర్చోవాలి.