చేప, రమ్ము, బానిస: అమెరికా వలసలపై అపోహలు - వాస్తవాలు

పోటీ పరీక్షల అభ్యర్థులకు ప్రపంచ చరిత్ర చెబుతాను. అమెరికాలో బ్రిటన్ పాలించిన 13 వలసల (కాలనీల) మీద ఏ బ్యాచ్ జవాబు పత్రాలు దిద్దినా ఈ వాక్యం తప్పకుండా ఎదురవుతుంది: ‘ఉత్తర వలసలు చదువుతో, స్వయంకృషితో ఎదిగాయి, దక్షిణ వలసలు బానిసల మీద బతికాయి.’ అడిగితే గైడులో ఉందంటారు. గైడులో అచ్చయినంత మాత్రాన అది నిజమైపోదు. పోయిన వారం ఇదే రాసి సగం మార్కులు పోగొట్టుకున్న అమ్మాయి ఒకరు క్లాసు అయ్యాక ఆగి, ‘తెలుగు మీడియం వాళ్లకు ప్రపంచ చరిత్ర రాదట కదా సార్’ అని కళ్లనీళ్లు పెట్టుకుంది. అమ్మా, లోపం నీ మీడియంలో లేదు, ఆ వాక్యంలో ఉంది.

అపోహ: బానిసత్వం దక్షిణాది వ్యవహారం.

వాస్తవం: ఉత్తర అమెరికాలోని ఆంగ్లేయ వలసల్లో బానిసత్వాన్ని మొట్టమొదట చట్టంలోకి ఎక్కించింది ఉత్తరాదిలోని మసాచుసెట్స్, 1641లో. బానిసల సంఖ్య దక్షిణాదిలోనే చాలా ఎక్కువ, అందులో పేచీ లేదు. కానీ మసాచుసెట్స్ ఉన్న ఉత్తరాది ప్రాంతమైన న్యూ ఇంగ్లండ్ సంపద ఎక్కడి నుంచి వచ్చింది? అక్కడిది రాతినేల, చలికాలం పొడవు. పొగాకు తోటలకు, వరి పొలాలకు అనువైన చోటు కాదు. ఉన్నవల్లా సముద్రం, అడవి. కాడ్ అనే సముద్రపు చేపను పట్టి, ఉప్పేసి ఎండబెట్టేవారు. మేలు రకం స్పెయిన్, పోర్చుగల్‌కు వెళ్లేది. విరిగినదీ, సరిగా ఎండనిదీ కరీబియన్ దీవుల చెరకు తోటల్లోని బానిసలకు తిండిగా పోయేది. తిరుగు ఓడల్లో మొలాసిస్ (చక్కెర తీయగా మిగిలే చెరకు మడ్డి) వచ్చేది. న్యూ ఇంగ్లండ్ రేవులైన బోస్టన్, న్యూపోర్ట్‌లలోని బట్టీల్లో దానితో రమ్ము అనే సారా కాచేవారు. న్యూపోర్ట్ వర్తకులు ఆ రమ్మునే ఆఫ్రికా తీరానికి పంపి మనుషులను కొనేవారు.

మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు బోస్టన్‌లో మసాచుసెట్స్ చట్టసభ భవనం స్టేట్ హౌస్ చూశాను. ప్రతినిధుల సభలో దాదాపు ఐదడుగుల చెక్క కాడ్ చేప వేలాడుతూ ఉంటుంది. 1784లో ఒక వర్తకుడి చొరవతో పెట్టినది. తమకు అన్నం పెట్టిన చేప కాబట్టి అంత గౌరవం. అందులో పనికిరాని వాటా ఎవరి నోటికి చేరిందో తలచుకుంటూ అక్కడే చాలాసేపు నిలబడిపోయాను.

ఈ గొలుసు తెలియకపోతే, వలసలు బ్రిటన్‌పై ఎందుకు కోపగించాయన్న అసలు ప్రశ్న దగ్గర ఆగిపోతారు. బ్రిటన్‌వి కాని, విదేశీ దీవుల మొలాసిస్‌పై బ్రిటన్ 1733లో గ్యాలనుకు 6 పెన్నీల పన్ను వేసింది. వర్తకులు దొంగరవాణాతో తప్పించుకున్నారు. 1764లో దాన్ని 3 పెన్నీలకు తగ్గించి, గట్టిగా వసూలు చేయబోయింది. బోస్టన్ భగ్గుమంది. సగానికి తగ్గిన పన్నుపై అంత కోపం ఎందుకో, బట్టీలు గుర్తుంటేనే అర్థమవుతుంది.

ఇక చదువుల సంగతి. 1761లో ‘ఫిలిస్’ అనే ఓడలో బోస్టన్‌కు ఒక పాపను తెచ్చి అమ్మారు. ముందు పళ్లు ఊడుతున్నాయి కాబట్టి ఏడేళ్లు ఉంటాయని లెక్కగట్టారు. ఓడ పేరే ఆ పాప పేరైంది, కొన్నవారి ఇంటిపేరు వెనక చేరింది: ఫిలిస్ వీట్లీ. ఆమె కవితల పుస్తకం 1773లో లండన్‌లో అచ్చయింది. అవి ఈమె రాసినవే అని 18 మంది బోస్టన్ పెద్దలు సంతకాలు చేసిన ధ్రువపత్రం ముందు పేజీల్లో చేర్చాల్సి వచ్చింది. 1636 నుంచి హార్వర్డ్ ఉన్నది ఆ ఊరి పక్కనే.

అందుకే ఆ అమ్మాయికి ఒకటే చెప్పాను: 13 వలసల పటం గీసినప్పుడల్లా కింద చెరకు తోటల కరీబియన్ దీవులు బార్బడోస్, జమైకాలను కూడా గీయి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. అందరూ మతస్వేచ్ఛ కోసమే వచ్చారనడం తప్పు. 1607 నాటి జేమ్స్‌టౌన్ లాభాల కోసం వాటాదారుల కంపెనీ పెట్టినది. తమ మతం కోసం మసాచుసెట్స్ వచ్చినవారే 1660లో మేరీ డయ్యర్ అనే క్వేకర్ (వేరే క్రైస్తవ శాఖ) మహిళను ఉరితీశారు.

1773లో బ్రిటన్ పన్నుకు నిరసనగా బోస్టన్ రేవులో పారబోసినది (‘బోస్టన్ టీ పార్టీ’) మన తేయాకు కాదు, చైనాది. అస్సాం తోటలు 19వ శతాబ్దం మాట.

అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం మద్రాసు సొమ్ముతో పుట్టిందని వీడియోలు తిరుగుతున్నాయి. ఆ కళాశాల పుట్టినది 1701లో. మద్రాసు మాజీ గవర్నర్ ఎలైహు యేల్ పంపిన తొమ్మిది మూటల సరుకు 562 పౌండ్లకు అమ్ముడుపోయింది, కళాశాలకు ఆయన పేరు పెట్టారు. అది 1718లో. వీడియో ముందుకు పంపే ముందు ఈ రెండు సంవత్సరాలూ ఒకసారి చూడండి.