ధమని ఉబ్బినా గుండెపోటే

గుండెపోటు అనగానే ధమనిలో కొవ్వు పేరుకొని దారి ఇరుకైందనే అనుకుంటాం. దారి వెడల్పైనా గుండెపోటు రావచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. గుండె కండరానికి రక్తాన్నందించే హృదయ ధమని ఒకచోట, పక్కనున్న మామూలు భాగం కన్నా ఒకటిన్నర రెట్లకు మించి ఉబ్బితే దాన్ని అన్యూరిజం అంటారు.

వాగు పాకాల చెరువులో కలిసే చోట నీటి వేగం తగ్గి ఒండ్రు పేరుకున్నట్టే ఇక్కడా జరుగుతుంది. ధమని వ్యాసం రెట్టింపైతే, ప్రవహించే రక్తం అంతే ఉన్నప్పుడు, దాని వేగం నాలుగో వంతుకు పడిపోతుంది; సుడులు తిరుగుతూ మందగించిన ఆ రక్తం, లోపొర దెబ్బతిన్న గోడను ఆనుకొని గడ్డకడుతుంది. ఆ గడ్డ అక్కడే దారి మూసేయవచ్చు, లేదా తునకలై ముందున్న సన్నని కొమ్మల్లో ఇరుక్కోవచ్చు. ఉబ్బిన గోడ పగులుతుందేమోనన్న భయం సహజమే గానీ అది చాలా అరుదు.

పెద్దల్లో ఈ ఉబ్బుకు ముఖ్య కారణం ధమని గోడలో చేరిన కొవ్వే. పిల్లల్లో మాత్రం రక్తనాళాల గోడలు వాచే కవాసాకి వ్యాధి. జపాన్ శిశువైద్యుడు తొమిసాకు కవాసాకి 1961లో తొలి రోగిని చూసి, 1967లో 50 మంది పిల్లల వివరాలను ప్రచురించారు. ఎక్కువగా ఐదేళ్లలోపు వారికి వచ్చే ఈ జబ్బులో జ్వరం ఐదు రోజులైనా తగ్గదు. పుసి లేకుండానే కళ్లు ఎర్రబడతాయి, పెదవులు పగులుతాయి, ఒంటిపై దద్దుర్లు లేస్తాయి, అరచేతులు, అరికాళ్లు వాస్తాయి, మెడలో బిళ్ల కడుతుంది. వరంగల్, జగిత్యాల వైపు పల్లెల్లో దీన్ని తట్టు అనో, వానకాలమైతే డెంగీ అనో అనుకోవడం తేలిక, ఆ పొరపాటును తప్పుపట్టలేం కూడా. కానీ ఇక్కడ రోజులు లెక్కలోకి వస్తాయి: వైద్యం అందకపోతే నూటికి దాదాపు 25 మంది పిల్లల్లో హృదయ ధమనులు దెబ్బతింటాయి, జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్‌ను (దాతల రక్తం నుంచి తీసిన ప్రతిరక్షకాల మందు) కిలో బరువుకు 2 గ్రాముల చొప్పున నరంలోకి ఎక్కిస్తే ఆ సంఖ్య ఐదుకు అటూ ఇటూగా తగ్గుతుంది. ఉబ్బు ఉందో లేదో నొప్పి లేని ఎకో పరీక్షతోనే (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) తెలుసుకోవచ్చు.

చిన్న ఉబ్బులు చాలావరకు ఒకటి రెండేళ్లలో మామూలు వెడల్పుకు వస్తాయి. ఎనిమిది మిల్లీమీటర్లు దాటినవి అలా తగ్గడం అరుదు గనుక, ఆ పిల్లలకు ఆస్పిరిన్‌తో పాటు రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వంటి మందును ఏళ్ల తరబడి వాడవలసి వస్తుంది. గుండెపోటుతో వచ్చిన పెద్దవారిలో ఇలాంటి ధమని బయటపడితే యాంజియోప్లాస్టీ కూడా కష్టమే; గడ్డ భారీగా ఉంటుంది, అంత వెడల్పుకు సరిపడే స్టెంట్ దొరకడం కష్టం, కొందరికి బైపాస్ శస్త్రచికిత్సే మార్గమవుతుంది.