మెట్ల మీద దూకిన అన్నదమ్ములు

చిరంజీవులకు ఆశీస్సులు.

ఫోనులో పాట మోగితే చాలు, మీ కాళ్లు ఆగవు. అందుకే మీకు ఫేయార్డ్, హెరాల్డ్ నికొలస్ అనే అమెరికా నాట్యకారుల, ఆ అన్నదమ్ముల సంగతి చెప్పాలనిపించింది. పాత హాలీవుడ్ పాటల సినిమాలనగానే అందరూ ఫ్రెడ్ ఆస్టెయిర్, జీన్ కెల్లీ అనే నాట్యకారుల పేర్లు చెబుతారు. వాళ్లు గొప్పవాళ్లే. వీళ్ల పేర్లూ ఆ వరుసలోనే ఉండాలి.

అన్న ఫేయార్డ్ 1914లో, తమ్ముడు హెరాల్డ్ 1921లో పుట్టారు. నల్లజాతి కుటుంబం. తల్లి పియానో, తండ్రి డ్రమ్స్ వాయించేవారు. ఫిలడెల్ఫియాలోని స్టాండర్డ్ థియేటర్లో వాళ్లు వాయిస్తుంటే, ఫేయార్డ్ వేదిక ముందు కూర్చుని నాట్యం చేసేవాళ్లను కళ్లార్పకుండా చూసేవాడు. ఏ గురువూ లేడు. చూసిందే సాధన చేశాడు, తమ్ముడికీ నేర్పాడు. 1932లో న్యూయార్క్ కాటన్ క్లబ్బులో వేదిక ఎక్కేనాటికి హెరాల్డ్ పదకొండేళ్ల పిల్లవాడు. ఆ క్లబ్బులో ఆడిపాడేది నల్లవారు, కూర్చుని చూసేది తెల్లవారు.

వాళ్లది ట్యాప్ నాట్యం. బూటు ముందు భాగానికీ మడమకూ లోహపు బిళ్లలు బిగిస్తారు. అడుగు వేస్తే దరువు పలుకుతుంది.

1943లో వచ్చిన ‘స్టార్మీ వెదర్’ సినిమా చివర్లో వాళ్ల నాట్యం ఉంది. కాబ్ కాలోవే బృందం వాయిస్తుంటే ఇద్దరూ వాద్యకారుల మధ్య గెంతుతారు, పియానో ఎక్కి ఆడతారు, ఆపైన పెద్ద మెట్ల వరుసకు చేరతారు. ఒకరి మీదుగా ఒకరు దూకుతూ, రెండు కాళ్లూ బారచాపి మెట్ల మీద వాలుతూ కిందికి దిగుతారు. అంత కష్టంలోనూ మొహాన చిరునవ్వు చెదరదు! తాను చూసిన సినిమా నాట్యాల్లో ఇదే అత్యుత్తమమని ఆస్టెయిరే వాళ్లతో అన్నాడని చెబుతారు.

అంతటి కళాకారులకు స్టూడియోలు మాటలున్న మంచి పాత్రలు ఇవ్వలేదు. చాలా సినిమాల్లో వాళ్ల నాట్యాన్ని కథకు అంటకుండా విడిగా పెట్టేవారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో తెల్లవారి థియేటర్లు ఆ ముక్కను కోసేసినా కథ చెడకూడదని ఈ ఏర్పాటు. ఇది రాస్తుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తోంది. 1948లో ‘ది పైరేట్’ సినిమాలో కెల్లీ వాళ్లతో కలిసి నాట్యం చేస్తే, కొన్ని ఊళ్లలో ఆ పాటనే తీసేశారు.

గౌరవాలు ఆలస్యంగా వచ్చాయి. 1989లో ఫేయార్డ్ నృత్య దర్శకత్వానికి, అమెరికా నాటకరంగంలో పేరున్న టోనీ పురస్కారం పంచుకున్నాడు. 1991లో ఇద్దరికీ, అమెరికాలో గొప్ప కళాకారులకు చేసే కెన్నెడీ సెంటర్ సత్కారం జరిగింది. హెరాల్డ్ 2000లో, ఫేయార్డ్ 2006లో కన్నుమూశారు.

ఆ మెట్ల నాట్యాన్ని ఈ సెలవుల్లో చూడండి. మొదటిసారి కాళ్లనే చూస్తారు, ఎవరైనా అంతే. రెండోసారి ఫేయార్డ్ చేతులను చూడండి, ఎంత నాజూగ్గా కదులుతాయో! దరువు నేర్చుకుంటానంటే సంతోషం. బారచాపి దూకడం మాత్రం ఇంట్లో వద్దు. పెద్దతనంలో ఫేయార్డ్‌కు తుంటి కీళ్లు మార్చవలసి వచ్చింది.

మీ తాతయ్య