వెంకటేశ్వర్లు గారి 39 బైట్లు

బెంగళూరు మారతహళ్లిలో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసుకునే పాఠకుడొకరు అడిగారు: "ఒరాకిల్ డేటాబేస్‌లో పేరు కాలమ్‌కి పొడవు 30 ఇచ్చాం. వెంకటేశ్వర్లు అని ఇంగ్లీషులో కొడితే పడుతోంది, తెలుగులో కొడితే ఓఆర్ఏ-12899 (కాలమ్‌లో పట్టదన్న ఎర్రర్) అంటోంది. కంటికి కనబడేవి అయిదక్షరాలే కదండీ?"

అయిదే. కానీ అన్ని భాషల లిపులకీ నంబర్లిచ్చే యూనికోడ్ గుణింతాలనీ ఒత్తులనీ విడదీసి దాస్తుంది: వ, ఎత్వం, సున్న, క, ట, ఏత్వం, శ, పొల్లు, వ, ర, పొల్లు, ల, కొమ్ము. మొత్తం 13 కోడ్ పాయింట్లు, అంటే విడివిడిగా నంబరున్న ముక్కలు. వాటిని బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8లో తెలుగువి ఒక్కొక్కటీ 3 బైట్లు, వెరసి 39. ఒరాకిల్‌లో వార్‌చార్2(30) అంటే, సెట్టింగు మార్చకపోతే, 30 బైట్లు. ఇంగ్లీషు స్పెల్లింగులోనూ 13 అక్షరాలే, బైట్లూ 13తో సరి.

ఎర్రర్ రావడం మీ అదృష్టం. కొన్ని ప్రోగ్రాములు డేటాబేస్‌కి పంపేముందే బైట్లు లెక్కపెట్టి తోక కోసేస్తాయి. 20 దగ్గర కోస్తే "వెంకటే" తర్వాత శ తాలూకు మూడు బైట్లలో రెండే మిగులుతాయి. అవి ఏ అక్షరమూ కావు, తెరమీద ప్రశ్నార్థకమున్న నల్ల డైమండు పడుతుంది. 24 దగ్గర కోస్తే "వెంకటేశ్". యూటీఎఫ్-8 ప్రకారం అందులో తప్పేమీ లేదు. 30 దగ్గరైతే ఏకంగా "వెంకటేశ్వర"! పది కోడ్ పాయింట్లు సరిగ్గా ఇమిడాయి, ఏ తనిఖీకీ దొరకదు, మనిషి పేరే మారిపోయింది. నల్ల డైమండును ఎవరైనా పట్టుకుంటారు. ఇది మరో పత్రంతో పోల్చి చూసేదాకా బయటపడదు.

కోయక తప్పకపోతే గ్రాఫీమ్ (కంటికి ఒకే అక్షరంగా కనబడేది) హద్దు చూసి కోయాలి. అక్కడా ఓ మెలిక: శ్వ లాంటి తెలుగు ఒత్తక్షరాన్ని ఒకే ముక్కగా చూడమన్నది 2023 నాటి యూనికోడ్ 15.1. అంతకుముందరి లైబ్రరీలు (ప్రోగ్రాములు వాడుకునే రెడీమేడ్ కోడ్) పొల్లు దగ్గర తుంచేస్తాయి. ఆ వెర్షన్ జాబితాలో కన్నడ లేనే లేదు.

ఒరాకిల్‌లో కాలమ్‌ని వార్‌చార్2(60 చార్)గా మార్చండి, అప్పుడు లెక్క కోడ్ పాయింట్లలో ఉంటుంది. పొడవు బైట్లలోనా చార్‌లలోనా అని చెప్పే ఎన్ఎల్ఎస్_లెంగ్త్_సెమాంటిక్స్ సెట్టింగు ఒక్కటే మారిస్తే పాత కాలమ్‌లు కదలవు. మామూలు సెట్టింగుల్లో 4000 చార్ అని రాసినా గరిష్ఠం 4000 బైట్లే, అంటే తెలుగులో 1333 కోడ్ పాయింట్లు.

మైఎస్‌క్యూఎల్ అనే మరో డేటాబేస్‌లో వార్‌చార్(30) అంటే బైట్లు కాదు, కోడ్ పాయింట్లే. అక్కడి జాడ్యం వేరు: ప్రతి కాలమ్‌కీ తాయెత్తులా 255 కట్టడం. దాచిన మాట పొడవును మైఎస్‌క్యూఎల్ ఒక్క బైటులో రాసుకోవాలంటే కాలమ్ 255 బైట్లు మించకూడదు. మైఎస్‌క్యూఎల్‌లో యూటీఎఫ్-8కి వాడే యూటీఎఫ్8ఎంబీ4లో ఒక్కో కోడ్ పాయింటుకి గరిష్ఠంగా 4 బైట్ల లెక్కన ఆ లాభం 63 దగ్గరే ఆగిపోతుంది.

కొలిచేటప్పుడూ జాగ్రత్త. లెంగ్త్ ఫంక్షన్ ఈ పేరుకి ఒరాకిల్‌లో 13 అంటుంది, మైఎస్‌క్యూఎల్‌లో 39. ఒరాకిల్‌లో బైట్లు కావాలంటే లెంగ్త్‌బీ, మైఎస్‌క్యూఎల్‌లో కోడ్ పాయింట్లు కావాలంటే చార్_లెంగ్త్ వాడాలి.